ఒకే ఓడ, ఒకే ప్రభువు

శంషాబాద్ విమానాశ్రయం మా తుక్కుగూడకు దగ్గరే. ప్రయాణానికి ముందు ప్రార్థన చేయమని విశ్వాసులు అడుగుతుంటారు. మేమూ సంతోషంగా చేస్తాం. క్షేమంగా చేరితే దేవుడు ప్రార్థన విన్నాడంటాం. మరి చేరకపోతే? వారి విశ్వాసం చాలలేదనా?

1912 ఏప్రిల్ 14 రాత్రి 11.40కి టైటానిక్ ఓడ మంచుకొండను ఢీకొంది. తెల్లవారుజామున 2.20కి మునిగిపోయింది. సుమారు 1500 మంది చనిపోయారు. ఆ ఓడ రెండో తరగతిలో మన దేశం నుంచి బయల్దేరిన మిషనరీ స్త్రీలు ఇద్దరున్నారు. ఒకరు గుంటూరు లూథరన్ మిషనరీ అలెన్ బెకర్ భార్య నెల్లీ. పసివాడైన కొడుకు రిచర్డ్‌కు జబ్బు చేయడంతో ముగ్గురు పిల్లలను తీసుకుని అమెరికా వెళ్తున్నారు. రెండో ఆమె మెనోనైట్ మిషనరీ అన్నీ ఫంక్. నేటి ఛత్తీస్‌గఢ్‌లోని జాంజ్‌గీర్‌లో ఆడపిల్లలకు బడి పెట్టి నడిపారు. తల్లికి జబ్బుగా ఉందని తంతి రాగా బయల్దేరారు. ఎక్కవలసిన ఓడ బ్రిటన్‌లో బొగ్గుగని కార్మికుల సమ్మె వల్ల కదలక, టైటానిక్ ఎక్కారు. ఓడలోనే ఏప్రిల్ 12న ఆమెకు 38 ఏళ్లు నిండాయి.

నెల్లీ, ముగ్గురు పిల్లలు బతికారు. అన్నీ ఫంక్ బతకలేదు. లైఫ్‌బోటులో తన చోటును మరొకరికి ఇచ్చారని వారి సంఘాల్లో చెప్పుకుంటారు.

ఇద్దరూ ఒకే ప్రభువును నమ్మినవారే. ఒకరి ప్రార్థన ఫలించింది, ఇంకొకరిది ఫలించలేదు అనగలమా? అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం చూడండి. హేరోదు యాకోబును కత్తితో చంపించాడు. అదే అధ్యాయంలో దేవదూత పేతురును చెరసాల నుంచి విడిపించాడు. యాకోబు విశ్వాసం తక్కువదని లూకా ఎక్కడా రాయలేదు.

నెల్లీ పెద్దకూతురు రూత్ గుంటూరులోనే పుట్టింది. అప్పటికామెకు 12 ఏళ్లు. తల్లి, చెల్లి, తమ్ముడు 11వ బోటులో వెళ్లిపోగా తాను ఒంటరిగా 13వ బోటు ఎక్కింది. తల్లి చెబితే గది నుంచి తెచ్చిన దుప్పట్లు ఆమె దగ్గరున్నాయి. పల్చని బట్టలతో వణుకుతున్న ఓడ కార్మికులకు వాటిని చించి పంచారు. తన తల్లి ఏమైందో తెలియని ఆ పిల్ల, బిడ్డ దూరమై ఏడుస్తున్న మరో తల్లిని ఓదార్చింది.

మరణం కూడా క్రీస్తు ప్రేమ నుంచి మనలను విడదీయలేదని పౌలు రోమా సంఘానికి రాశాడు. మరణమే రాదని ఆయన మాట ఇవ్వలేదు. ప్రియులారా, క్షేమం కోసం తప్పక ప్రార్థిద్దాం. కానీ ఆత్మీయుణ్ని పోగొట్టుకున్న ఇంటికి వెళ్లినప్పుడు వారి విశ్వాసాన్ని తూకం వేయవద్దు. మన చేతిలో ఉన్న దుప్పటిని వారితో పంచుకుందాం.