వెన్న తీసిన పాలలో విటమినులు

వెన్న తీసిన పిదప మిగిలిన చల్లలో బలమేమున్నదని కొందఱు త్రోసిపుచ్చుదురు. అది న్యాయము కాదు. మాంసకృత్తులును, సున్నమును చల్లలోనే నిలిచియుండును. పోవునది మఱియొకటి. 'ఏ', 'డి' మొదలగు కొన్ని విటమినులు నీట కరగవు, క్రొవ్వునందే కరగును. వెన్న యెచటికి బోయిన నవియు నచటికే పోవును. 'ఏ' విటమిను కొఱవడిన రేచీకటి వచ్చును. 'డి' కొఱవడిన పిల్లల యెముకలు మెత్తబడి వంగును. వెన్న విక్రయించి చల్ల బిడ్డలకు పోయు నిల్లాలికి నీ సంగతి తెలిసి యుండవలెను.

పోయిన విటమినులను మరల కలుపరాదా? కలుపవచ్చును. కాని యవి నీటిలో నూనెబొట్టువలె విడిపోవును. వెలుతురును గాలియు సోకిన చెడును. వానికొక తొడుగు కావలెను. చిత్రమేమన, ఆ తొడుగు పాలలోనే యున్నది.

ఆవుపాల మాంసకృత్తులలో నూటికి సుమారు 80 వంతులు కేసిన్. పాలు విఱిగినపుడు ముద్దగట్టునది యిదియే. దీని యణువున నీటితో పొత్తు కలిసెడి భాగమును, క్రొవ్వుతో పొత్తు కలిసెడి భాగమును గలవు. ఇట్టి యణువులు వేలకొలది సున్నముతోను, భాస్వరముతోను గూడి గుళికలగును. మిల్లీమీటరును 10,000 భాగములు చేసిన, అందొకటి రెండు భాగములే యొక గుళిక వెడల్పు.

2007లో ఇజ్రాయేలు దేశమున హైఫా నగరమందలి టెక్నియన్ విద్యాలయమువారు, ఆల్కహాలులో కరగించిన 'డి' విటమినును కేసిన్ ద్రావణమున గలిపి, పిదప సున్నపు లవణములను, భాస్వరపు లవణములను చేర్చిరి. విడివడియున్న కేసిన్ మరల గుళికలై విటమినును లోన నిముడ్చుకొనెను. చుట్టునున్న నీటిలోకంటె గుళికలలో విటమిను సుమారు 5.5 రెట్లు చిక్కగా నుండెను. అతినీలలోహిత కిరణములు సోకినపుడు గుళికలోని విటమిను తక్కువగా చెడెను. రక్షణ కొంతమట్టుకే యని వారే చెప్పిరి; ఆ మాట నాకు నచ్చినది.

విఱిగిన పాల తేటలో లాక్టోగ్లోబులిన్ అను మఱియొక మాంసకృత్తు కలదు. దాని నడుమ దొన్నెవంటి గుంట యుండును. 'ఏ' విటమిను అణువు అందిముడును.

త్రాగిన పిదప నీ తొడుగు విటమినును బంధించి యుంచదా యని శంకింపవచ్చును. జీర్ణరసములు కేసిన్‌ను కరగించి విటమినును విడిపించును. అయినను క్రొవ్వు బొత్తిగా లేని భోజనమున నీ విటమినులు చక్కగా నొంటబట్టవు. చల్లయన్నముతో కొంచెము నూనె వేసిన కూర యుండుట మేలు.

మనదేశమున 'ఏ', 'డి' విటమినులు కలిపిన పాలపొట్లములపై నీలిరంగు '+ఎఫ్' గుర్తు కానవచ్చును. విటమిను కలదనియే దాని యర్థము గాని, కేసిన్ గుళికలలో కూర్చిరని కాదు. ఆ పాలనైనను ఎండ తగులుచోట నుంచరాదు.