మొక్కజొన్న రొట్టెకు సున్నం ఎందుకు?

ప్రశ్న: మొక్కజొన్న పిండిని చపాతీ పిండిలాగా కలిపితే ముద్ద కావడం లేదు. ఒత్తబోతే అంచులు చీలిపోతున్నాయి, ఎత్తబోతే ముక్కలవుతోంది. మెక్సికోలో మాత్రం రోజూ మొక్కజొన్న రొట్టెలే తింటారట. వాళ్ళకు ఎలా వస్తాయి? మనమూ చేసుకోవచ్చా?
— ఏడో తరగతి విద్యార్థిని, నాగలమడిక, పావగడ తాలూకా

జవాబు: రొట్టె రాకపోవడం నీ చేతిలో లోపం కాదమ్మా, ఆ పిండి గుణమే అంత. ముందు చపాతీ ఎందుకు వస్తుందో చూద్దాం. గోధుమపిండిలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. తడి తగిలాక పిసికేకొద్దీ అది పోగులు పోగులుగా అల్లుకుని పిండి రేణువుల్ని పట్టి ఉంచుతుంది. అందుకే చపాతీ ముద్దను లాగితే సాగుతుంది, వదిలితే కాస్త వెనక్కి వస్తుంది. మొక్కజొన్నలోనూ మాంసకృత్తు ఉంది గాని అది అలా అల్లుకోదు. రాగికీ, జొన్నకూ కూడా ఆ గుణం లేదు.

మరి రాగిముద్ద ఎలా నిలబడుతోంది? నాగలమడికలో ఈ సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఎసరు తెర్లాక పిండి పోసి, కాసేపు మగ్గనిచ్చి, తెడ్డుతో గట్టిగా గెలికితేనే ముద్ద అవుతుంది. చల్లనీళ్ళలో రాగిపిండిని ఎంతసేపు గెలికినా లాభం లేదు. జొన్నరొట్టెకూ మరిగిన నీళ్ళే పోసి కలుపుతారు. తేడా అంతా వేడిలో ఉంది. పిండిలోని స్టార్చి రేణువులు చల్లనీళ్ళలో తడుస్తాయి, అంతే. నీళ్ళ వేడి సుమారు 65 డిగ్రీలు దాటాక అవి నీటిని పీల్చుకుని ఉబ్బి జిగురుగా మారతాయి. నూలుబట్టలకు పెట్టే గంజిలో ఉన్నది ఈ జిగురే. గోధుమలో గ్లూటెన్ చేసే పనిని ఇక్కడ ఇది కొంతవరకు చేస్తుంది.

కాబట్టి నీ ప్రశ్నకు సగం జవాబు మీ వంటింట్లోనే ఉంది. మొక్కజొన్న పిండిని మరిగిన నీళ్ళతో కలిపి, చేత్తో తట్టి కాలిస్తే రొట్టె వస్తుంది. పంజాబులో మక్కీ రొట్టె ఇలా వేడినీళ్ళతో చేసేదే. అయితే అది మందంగా ఉంటుంది, చల్లారాక మడిస్తే విరుగుతుంది. మెక్సికోవాళ్ళ రొట్టె పేరు టోర్టియా. అది పలచన. కూర పెట్టి రెండుగా మడిచినా విరగదు. అలా మడిచి తినేదే టాకో. ఇక మిగిలిన సగం జవాబు సున్నంలో ఉంది, తాంబూలంలో వేసుకునే సున్నంలో.

ఒక ఎండు మొక్కజొన్న గింజను తీసుకుని గోటితో గిల్లి చూడు. పైన పలచటి, మెరిసే పొట్టు ఉంటుంది. రాత్రంతా నానబెట్టినా అది ఊడదు. ఆ పొట్టును హెమిసెల్యులోజ్ అనే బంకపదార్థం గట్టిగా పట్టి ఉంచుతుంది. వట్టి నీళ్ళకు అది లొంగదు. సున్నం కలిపిన నీళ్ళకు క్షారగుణం ఎక్కువ, ఆ క్షారానికి బంక వదులవుతుంది. సున్నం నీళ్ళలో అరగంటో ముప్పావుగంటో ఉడికేసరికి గింజ ముదురు పసుపురంగుకు తిరుగుతుంది. రెండు వేళ్ళ మధ్య నలిపితే పొట్టు జారివచ్చి చేతికి జిగటగా అంటుకుంటుంది. పొయ్యి ఆర్పి ఆ నీళ్ళలోనే రాత్రంతా వదిలేస్తే తడి గింజ నడిబొడ్డు దాకా దిగుతుంది. దాంతోపాటు సున్నంలోని కాల్షియమూ లోపలికి చేరుతుంది. స్టార్చి పూర్తిగా కాకుండా కొంతమేరకే ఉడికి ఉంటుంది. పొద్దున బాగా కడిగి రుబ్బితే, సగం ఉడికిన ఆ స్టార్చి, పొట్టు నుంచి విడివడి గింజకే మిగిలిన బంక, కాల్షియం మూడూ కలిసి ముద్దను చీలకుండా పట్టి ఉంచుతాయి. ఆ ముద్దను మాసా అంటారు. టోర్టియా దగ్గర వచ్చే ప్రత్యేకమైన వాసన కూడా ఈ సున్నపు ఉడుకులో పుట్టిందే.

ఆ మాసాను ఆరబెట్టి పొడి చేస్తే మాసా హరీనా అవుతుంది. మెక్సికోలోని న్యూవో లియోన్ రాష్ట్రంలో 1949లో మొదలైన గ్రూమా సంస్థ 'మసేకా' పేరుతో అమ్మే పొట్లం ఇదే. డాలస్, హ్యూస్టన్‌లలో ఉన్న మన తెలుగువాళ్ళకు ఇది మామూలు దుకాణాల్లో దొరుకుతుంది. మనమైతే బెంగళూరు పెద్ద దుకాణాల్లో వెతకాలి, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి.

సున్నం చేసే మేలు రొట్టె మడవడంతో ఆగదు. నన్నడిగితే దానికంటే చాలా పెద్ద మేలు ఇంకొకటుంది. మొక్కజొన్నలో నియాసిన్ అనే బి-3 విటమిన్ ఉంది గాని, గింజలోని ఇతర పదార్థాలకు అతుక్కుపోయి ఉండడంవల్ల మన పేగులు దాన్ని తీసుకోలేవు. సున్నం ఆ ముడిని విప్పుతుంది. మెక్సికో, గ్వాటెమాలా ప్రాంతాలవాళ్ళు మూడు వేల ఏళ్ళకు పైగా ఇలా వండుతున్నారు. కొలంబస్ ప్రయాణాల తర్వాత మొక్కజొన్న యూరప్‌కు చేరింది, సున్నం పద్ధతి మాత్రం చేరలేదు. పేదలు పూటపూటా వట్టి మొక్కజొన్నే తిన్నచోట పెల్లగ్రా అనే జబ్బు వచ్చింది. ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి పగులుతుంది, విరేచనాలవుతాయి, చివరికి మతి చలిస్తుంది. స్పెయిన్ వైద్యుడు గాస్పర్ కాసల్ 1735లో దీన్ని గుర్తించాడు. మెడ చుట్టూ వచ్చే ఆ మచ్చను ఇప్పటికీ 'కాసల్ హారం' అంటారు. ఇది అంటువ్యాధి అని చాలాకాలం నమ్మారు. కాదు, తిండిలో లోపం అని అమెరికాలో జోసెఫ్ గోల్డ్‌బర్గర్ 1914 నుంచి పట్టుబట్టి పరిశోధించి చూపాడు. ఆ లోపం నియాసిన్‌దేనని 1937లో కాన్రాడ్ ఎల్వెహ్యెమ్ పరిశోధనతో తేలింది.

ఈ జబ్బు మనకూ దూరంది కాదు. దక్కన్‌లో జొన్న మీదే బతికిన పేదల్లో పెల్లగ్రా కనిపించింది. హైదరాబాదులో, ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థగా ఉన్న చోట పనిచేసిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య దాన్ని పరిశోధించి, జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ కారణం కావచ్చని 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఆ కారణం మీద తర్వాత వాదోపవాదాలు నడిచాయి. ఒకే ధాన్యం మీద బతికితే ఏమవుతుందో మాత్రం అందరికీ తెలిసివచ్చింది. పప్పు, పాలు, వేరుశనగ రోజూ తినే ఇంట్లో ఈ భయం లేదు.

ఇక చేసే విధానం. అంగట్లో మూడు రకాల పొడులు దొరుకుతాయి, పొరపడవద్దు. కార్న్‌ఫ్లోర్ అని అమ్మే తెల్లటి మెత్తటి పొడి వట్టి స్టార్చి, సూపు చిక్కబడడానికి వాడేది. మొక్కజొన్న పిండి అంటే గింజను ఉన్నపళంగా మరలో ఆడించినది. మాసా హరీనా వేరు. దాన్నే తెచ్చుకుంటే రెండు గ్లాసుల పిండికి గ్లాసున్నర గోరువెచ్చని నీళ్ళు, అర చెంచా ఉప్పు చాలు. కలిపి, తడిబట్ట కప్పి అరగంట ఉంచాలి. నిమ్మకాయంత ఉండ చేసి అరచేత నొక్కితే అంచులు చీలుతున్నాయా? ఇంకొంచెం నీళ్ళు చల్లి పిసకాలి. చేతికి అంటుకుంటోందా? చిటికెడు పిండి కలపాలి. పాలకవరును కడిగి తుడిచి రెండుగా కోసి, ఉండను మధ్యన పెట్టి పూరీ ప్రెస్‌తో గాని, అడుగు చదునుగా ఉన్న బరువైన గిన్నెతో గాని నొక్కాలి. అప్పడాల కర్రతో ఒత్తితే పక్కలు చీలుతాయి. నూనె లేకుండా బాగా కాగిన పెనం మీద వేసి, అంచులు పెనాన్ని వదలగానే తిప్పాలి. రెండోవైపు నిమిషం కాల్చి మళ్ళీ తిప్పితే ఉబ్బుతుంది. తీసినవి తీసినట్టు బట్టలో చుట్టి పెట్టాలి. ఆ ఆవిరికే రొట్టె మెత్తబడుతుంది. ఈ మెట్టు వదిలేస్తే మంచి మాసా కూడా అప్పడంలా పెళుసెక్కుతుంది.

పొట్లం దొరకకపోతే గింజలతోనే చెయ్యవచ్చు. రుచికి నేను దీనికే ఎక్కువ మార్కులు వేస్తాను. అర కిలో ఎండు మొక్కజొన్నలకు ఒకటిన్నర లీటరు నీళ్ళు, 5 గ్రాముల పొడిసున్నం, అంటే గింజల బరువులో నూటికి ఒక వంతు. తాంబూలపు తడి సున్నమైతే అందులో నీటి బరువూ ఉంటుంది గనుక కొంచెం ఎక్కువ పడుతుంది. స్టీలు గిన్నెలోనే ఉడికించాలి, అల్యూమినియాన్ని సున్నం తినేస్తుంది. పొట్టు జారేదాకా ఉడికించి, మూతపెట్టి రాత్రంతా ఉంచి, పొద్దున నాలుగైదు నీళ్ళు మార్చి రుద్ది కడిగి, గ్రైండర్లో నీళ్ళు వీలైనంత తక్కువ చల్లుతూ రుబ్బాలి.

ఇదే మాసాను కొంచెం కొవ్వు కలిపి, మొక్కజొన్న కండె పైరేకుల్లో పొట్లం కట్టి ఆవిరిమీద ఉడికిస్తే తమాలే. నీళ్ళలోనో పాలలోనో పలచగా కలిపి, బెల్లం వేసి కాస్తే అతోలే అనే జావ. రొట్టెలోకి మెక్సికోవాళ్ళు ఎక్కువగా చిక్కుడుజాతి గింజల కూర తింటారు. నువ్వు అనపగింజల కూరో, అలసందల కూరో పెట్టుకో. వేయించిన వేరుశనగ, ఎండుమిరప, వెల్లుల్లి కలిపి నూరే సల్సా మాచా అనే పచ్చడి వాళ్ళకూ ఉంది. మీ ఊరుబిండి దాని స్థానంలో చక్కగా సరిపోతుంది. మిరప, టమాటా కూడా ఆ ప్రాంతం నుంచి ప్రపంచమంతా వ్యాపించినవే.

చివరగా కొన్ని జాగ్రత్తలు. విత్తనానికని తెచ్చిన, మందు పట్టించిన రంగు గింజల్ని ఎట్టిపరిస్థితిలోనూ వండవద్దు. బూజు పట్టినవాటిని పారేయాలి. గోడలకు వేసే సున్నం, నీళ్ళు తగిలితే పొంగి వేడెక్కే రాతిసున్నం వంటకు పనికిరావు. సున్నం నీళ్ళు కంట్లో పడితే ప్రమాదం గనుక ఉడికించే పని అమ్మకో నాన్నకో అప్పగించి, కడగడం, ఉండలు చేయడం, నొక్కడం నువ్వు చెయ్యి.