జీను వేయకముందే పాఠం

గుర్రానికి శిక్షణ జీను వేశాక మొదలయ్యేది కాదు. మనిషి నేల మీద నిలబడి, పగ్గం పట్టుకుని నేర్పే గ్రౌండ్‌వర్క్‌తోనే మొదలవుతుంది.

గుర్రం సహజంగానే బెదురు జంతువు. కళ్లు తలకు చెరోపక్క ఉండడంతో సరిగ్గా వెనక ఉన్నది దానికి కనబడదు. అందుకే మాట వినిపిస్తూ, భుజం వైపు నుంచి దగ్గరకు వెళ్లాలి. ఆ తర్వాత పక్కన నడవడం, ఆగడం, వెనక్కి జరగడం నేర్పుతారు. పగ్గాన్ని కాస్త బిగించి, గుర్రం ఒక్క అడుగు వెనక్కి వేయగానే వదులు చేస్తారు. ఆ సడలింపే దానికి బహుమతి. ఆలస్యమైతే తను చేసింది సరైనదో కాదో దానికి తెలియదు. శిక్షకుడు పొడవాటి తాడుతో గుర్రాన్ని తన చుట్టూ తిప్పే లాంజింగ్‌లో గొంతు విని వేగం మార్చుకోవడం అలవాటవుతుంది.

ఈ శిక్షణ ఎందుకంత ముఖ్యమో ఒక ఉదాహరణ చూద్దాం. కెనడాలోని రెజైనా నగరానికి గుర్రాలతో పాత అనుబంధం ఉంది. 1882లో అది గుర్రాలపై తిరిగే వాయవ్య మౌంటెడ్ పోలీసుల ప్రధాన కేంద్రమైంది. సంగీతానికి గుర్రాలపై చేసే ప్రదర్శన మ్యూజికల్ రైడ్; అధికారికంగా నమోదైన తొలి రైడ్ 1887లో అక్కడి బ్యారక్స్‌లోనే జరిగింది. కొత్తగా చేరే పోలీసులకు స్వారీ శిక్షణ 1966లో ఆగిపోయినా, ఆ ప్రదర్శన కొనసాగుతోంది. 32 గుర్రాలు సంగీతానికి తగ్గట్టు ఒకదాన్నొకటి రాసుకుంటూ సాగే విన్యాసంలో ఏ ఒక్కటి బెదిరినా వరుస చెదురుతుంది. అలాంటి నిబ్బరానికి పునాది నేల మీదే పడాలి.