చెప్పుల వ్యాపారి ఇంట పుట్టిన కార్బొరేటర్

కోవెంట్రీలో నేను అద్దెకున్న ఇంటి పక్కన ఒక రిటైరైన పెద్దాయన ఉండేవాడు. రోజూ తిరిగే కారు వానలో తడుస్తూ వీధిలో ఉండేది. గ్యారేజీ మాత్రం 1967 నాటి ఎంజీబీ స్పోర్ట్స్ కారుది. రెండు సీట్లు, మడిచే గుడ్డ టాపు, సగం విప్పిన ఇంజను. చుట్టూ జామ్ సీసాల్లో మరలు, బిస్కెట్ డబ్బాల్లో వాషర్లు. శనివారం పొద్దున నేను తొంగిచూస్తే ఆయన ఇచ్చే పని ఒకటే: సెకన్లు లెక్కపెట్టడం.

ఆయన చేతిలో ఉండేది ఒక అల్యూమినియం గంట. గుడిగంటంత ఉండదు, పెద్ద లోటా అంత ఉంటుంది. అందులోకి ఒక పిస్టన్ దిగుతుంది. పిస్టన్‌కు అడుగున ఉన్న రంధ్రాలను మైనం ముద్దతో మూసి, మొత్తాన్ని తిరగేసి పట్టుకుంటే గంట తన బరువుకు తాను నెమ్మదిగా కిందికి జారాలి. 5 సెకన్లకు తక్కువైతే అరిగినట్టు. 7 దాటితే లోపల మడ్డి ఉన్నట్టో, ఎక్కడో ఒరుసుకుంటున్నట్టో లెక్క. మాకు ఆరు వచ్చింది. పెద్దాయన తల ఊపి, ఆ గంటకూ పిస్టన్‌కూ కలిపి ఎర్రదారం చుట్టి పక్కన పెట్టాడు. రెండో జతకు నీలం దారం. ఒకదాని పిస్టన్ ఇంకోదాని గంటలో వేశామా, ఆ ఆరు సెకన్లు ఇక రావు. ఫ్యాక్టరీలో జతచూసి కలిపినవి అవి.

ఆ పిస్టన్‌కు రింగు లేదు, రబ్బరు లేదు. గంట గోడకూ దానికీ మధ్య ఉన్నది సన్నని సందు మాత్రమే. ఆ సందులోంచి గాలి దూరడానికి పట్టే కాలమే మేం లెక్కపెట్టింది. దీని పేరు ఎస్‌యూ కార్బొరేటర్. ఎంజీబీకి ఇలాంటివి రెండు.

ఎస్‌యూ అంటే స్కిన్నర్స్ యూనియన్. స్కిన్నర్లు ఇంజనీర్ల కుటుంబం కాదు, చెప్పులూ బూట్లూ అమ్మే కుటుంబం. లండన్‌లో లిల్లీ అండ్ స్కిన్నర్ అని పేరున్న బూట్ల కొట్లు వాళ్లవి. ఆ ఇంటి కొడుకు జార్జ్ హెర్బర్ట్ స్కిన్నర్‌కు మోటారు కార్ల పిచ్చి. 1904, 1905 ప్రాంతంలో ఆయన తన కార్బొరేటర్‌కు రూపం ఇచ్చాడు. అందులో ఇప్పటి పిస్టన్ ఉన్నచోట అప్పుడు ఒక తోలు తిత్తి ఉండేది, మన కమ్మరి కొలిమి తిత్తికి బుల్లి చెల్లెలు లాంటిది. ఇంట్లో దొరికే సరుకుతోనే పని కానిచ్చాడన్నమాట. తమ్ముడు కార్ల్ తోడయ్యాడు. 1910లో కంపెనీ పెట్టారు. తోలుకు బదులు లోహపు పిస్టన్ తర్వాత వచ్చింది. తోలు ఎండితే బిగుస్తుందని, పెట్రోలు తగిలితే చెడుతుందని బూట్ల వాళ్లకు ఒకరు చెప్పాలా!

అసలు ఆయన్ను వేధించిన చిక్కు ఇది. కార్బొరేటర్ పని పెట్రోలును గాలిలో కలపడం. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు సుమారు 15 పాళ్ల గాలి. గాలి ఇరుకు గొంతులోంచి దూసుకుపోతే అక్కడ పీడనం పడిపోతుంది, ఆ లోటుకు జెట్‌లోంచి పెట్రోలు పైకి వస్తుంది. ఇంతవరకు ఇబ్బంది లేదు. కానీ ఇంజను ఒకే తీరున పీల్చదు. సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడు కొంచెం, ఘాటీ ఎక్కేటప్పుడు బోలెడు. గొంతు కొలత మారకపోతే, నెమ్మదిగా ఉన్నప్పుడు గాలికి పెట్రోలును లాగే శక్తి ఉండదు, వేగం పెరిగితే అవసరానికి మించి లాగేస్తుంది. మిగతా తయారీదారులు దీనికి అదనపు జెట్‌లు, అదనపు దారులు, ఒక చిన్న పంపు కలిపి సర్దుకున్నారు. స్కిన్నర్ గొంతునే పెద్దదీ చిన్నదీ అయ్యేట్టు చేశాడు.

అన్నం ఉడుకుతున్న గిన్నె మీద మూత చూడండి. లోపల ఆవిరి ఎక్కువైతే మూత లేస్తుంది, ఆవిరి పోగానే దిగుతుంది. మూత బరువు ఎంతో లోపల నిలిచే ఒత్తిడీ అంతే. ఎస్‌యూలో జరిగేదీ ఇలాంటిదే, కాకపోతే ఇక్కడ లేపేది నెట్టుడు కాదు, పీల్పు. ఇంజను పీల్చే ఊపు పిస్టన్ అడుగు రంధ్రాల గుండా పైనున్న గంటలోకి పాకుతుంది. అక్కడ పీడనం తగ్గుతుంది, కింద మామూలు గాలి పీడనం ఉంటుంది కాబట్టి పిస్టన్ లేస్తుంది. లేస్తే గాలి దారి వెడల్పవుతుంది. దారి వెడల్పయితే పీల్పు తగ్గి పిస్టన్ అక్కడే ఆగుతుంది. పిస్టన్ బరువూ పైనున్న చిన్న స్ప్రింగూ కలిసి ఎంత లోటును తట్టుకోగలవో, ఇంజను ఎలా పరిగెత్తినా జెట్ దగ్గర సుమారుగా అంతే లోటు ఉంటుంది.

పిస్టన్ కొసకు ఒక ఇత్తడి సూది వేలాడుతుంది. గోనెసంచులు కుట్టే దబ్బనంలా కిందికి పోనుపోను సన్నం. అది జెట్ రంధ్రంలో దిగి ఉంటుంది. పిస్టన్ లేచినకొద్దీ సూది సన్నటి భాగం రంధ్రంలోకి వస్తుంది, చుట్టూ సందు పెరిగి పెట్రోలు ఎక్కువ వస్తుంది. ఏ ఎత్తు దగ్గర సూది ఎంత లావుండాలన్నదే ఈ కార్బొరేటర్ విద్య అంతా. 1/8 అంగుళానికి ఒకచోట లావు కొలిచి పట్టికలు వేశారు. వందల రకాల సూదులు, ఒక్కోదానికీ ఒక అంకో రెండు మూడు అక్షరాలో పేరు.

పంపు లేదు కదా, యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే ఎలా? పిస్టన్ కాడ బోలుగా ఉంటుంది. అందులో కాస్త ఇంజనాయిలు పోసి, పైమూతకు వేలాడే చిన్న డ్యాంపర్‌ను ముంచుతారు. ఆ నూనె పిస్టన్‌ను గబుక్కున లేవనివ్వదు. లేవడం ఆలస్యమైనంత సేపు ఇరుకు సందులో గాలి మరింత వేగంగా పోయి పెట్రోలును ఎక్కువ లాగుతుంది. బండికి పికప్ వస్తుంది. పిస్టన్ దిగేటప్పుడు మాత్రం నూనె అడ్డు రాదు. రెండు చెంచాల నూనెతో ఒక పంపును ఎగరగొట్టిన ఈ ఉపాయం చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. ఆ నూనె అయిపోయిందని తెలియక ఇంజను మొత్తం విప్పించుకున్నవాళ్లూ ఉంటారు, అది వేరే సంగతి.

చోక్ అన్న మాటా ఇందులో సగం అబద్ధమే. డ్యాష్‌బోర్డు మీద చోక్ లాగితే ఇక్కడ గాలి గొంతేమీ మూసుకోదు. జెట్టే కిందికి దిగుతుంది. సూది ఉన్నచోటే ఉంటుంది కనుక చుట్టూ సందు పెరిగి మిక్శ్చర్ చిక్కబడుతుంది.

1926లో ఈ కంపెనీని కార్ల తయారీదారు విలియం మోరిస్ కొన్నాడు. ఎంజీ అన్న పేరే ఆయన మోరిస్ గ్యారేజెస్ నుంచి పుట్టింది కాబట్టి, ఆ తర్వాత అబింగ్డన్ ఫ్యాక్టరీలో తయారైన స్పోర్ట్స్ కార్లకు చాలాకాలం వేరే కార్బొరేటర్ వెతుక్కోవలసిన పని పెద్దగా పడలేదు. మినీకి ఒకటి, ఎంజీబీకి రెండు, 1961లో వచ్చిన జాగ్వార్ ఈ-టైప్‌కు వరసగా మూడు. స్వీడన్ వోల్వోలకూ ఇవే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో స్పిట్‌ఫైర్ విమానాల మెర్లిన్ ఇంజన్‌కూ ఎస్‌యూ వాళ్లే కార్బొరేటర్ ఇచ్చారు. అది ఈ గంట రకం కాదు గాని పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె ఉన్నదే. విమానం ముక్కు దించి ఒక్కసారిగా డైవ్ చేస్తే గిన్నెలో పెట్రోలు పైకి లేచి, ఇంజను దగ్గి, వెంటనే పెట్రోలు ముంచెత్తి ఆగిపోయేది. జర్మన్ విమానాలకు కార్బొరేటర్ బదులు పెట్రోలును చిమ్మే ఇంజెక్షన్ ఉండడంతో ఆ బాధ లేదు. 1941లో ఫార్న్‌బరోలోని ప్రయోగశాలలో బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరు నడుమ రంధ్రమున్న ఒక చిన్న ఇత్తడి ముక్కను పెట్రోలు దారిలో పెట్టి, ఇంజనుకు కావలసినదాని కంటే ఎక్కువ పోకుండా ఆపింది. పూర్తి పరిష్కారం తర్వాత వచ్చింది గాని పైలట్ల ప్రాణాలకు అప్పటికి ఆ ముక్కే ఆధారం. ఆవిడ అంతకుముందే బ్రూక్‌ల్యాండ్స్ ట్రాకు మీద గంటకు 100 మైళ్లు దాటి మోటార్ సైకిల్ నడిపిన మనిషి.

మనకూ ఈ ఎస్‌యూకూ బంధుత్వం ఉంది. ఎంజీబీ కన్నా ముందు, 1955లో వచ్చిన ఎంజీఏ కారులో 1489 సీసీ ఇంజను పెట్టారు. దాన్ని బీ-సిరీస్ అంటారు. మన అంబాసిడర్ దశాబ్దాల పాటు మోసింది అదే వంశపు 1489 సీసీ ఇంజనునే. అక్కడ స్పోర్ట్స్ కారు కాబట్టి రెండు ఎస్‌యూలు, ఇక్కడ పెళ్లివారందరినీ ఎక్కించుకోవాలి కాబట్టి ఒకటి. చిన్నప్పుడు విజయవాడలో మేం మాట్లాడుకున్న టాక్సీ డ్రైవరు బానెట్ ఎత్తి, ఫిల్టరు తీసి, వేలితో ఏదో లేపి వదిలి, ‘టక్’మన్న చప్పుడు విని మూత వేసేసేవాడు. ఆ వేలు లేపింది ఏమిటో నాకు కోవెంట్రీ గ్యారేజీలో గాని తెలియలేదు.

ఆ చప్పుడుకు అర్థం ఉంది. సూది జెట్ రంధ్రానికి సరిగ్గా నడుమన ఉంటేనే పిస్టన్ నిక్కచ్చిగా దిగి లోహానికి లోహం తగిలిన చప్పుడు వస్తుంది. పక్కకు ఒరిగితే చప్పుడు మెత్తబడుతుంది, లేదా రానే రాదు. అప్పుడు జెట్ నట్టు వదులు చేసి, పిస్టన్‌ను కిందికి నొక్కి సూదినే దాని దారి వెతుక్కోనిచ్చి, మళ్లీ బిగించాలి. బిగించేటప్పుడు జరగకుండా ఉండడమే కష్టం. పెద్దాయనకు నాలుగోసారికి కుదిరింది. నాకు అప్పగిస్తే మధ్యాహ్నం దాటేది.

నిజానికి కార్బొరేటర్ మీద చెయ్యి వేసేముందు ట్యాపెట్లు, ప్లగ్గులు, పాయింట్ల గ్యాపు, టైమింగు చూసుకోవాలి. కార్బొరేటర్ జబ్బుల్లో చాలామటుకు కరెంటు జబ్బులేనని పాత బ్రిటిష్ కార్లు బాగుచేసేవాళ్లు నవ్వుతూ అంటారు, నవ్వులాటకు కాదు. అవన్నీ సరిగ్గా ఉన్నా ఐడ్లింగ్ కుదురుగా లేదంటే థ్రాటిల్ ఇరుసు అరిగిందేమోనని చూడాలి. లక్షల సార్లు తిరిగి తిరిగి దాని చుట్టూ సందు పడి, అక్కడినుంచి లెక్కలో లేని గాలి దూరుతుంది. ఎంత తిప్పినా మిక్శ్చర్ నిలవదు. అంగడిలో దొరికే రిపేరు కిట్టులోని గాస్కెట్లూ వాషర్లూ దీన్ని బాగుచెయ్యవు. బాడీని మళ్లీ బోరు చేసి కొత్త బుష్‌లు వేయించాలి. ఇంటి గ్యారేజీలో కాక లేత్ ఉన్న చోటుకు పంపాల్సిన పని ఇదొక్కటే అనుకుంటా.

మిగతాదంతా చెవితోనూ కంటితోనూ. రెండు కార్బొరేటర్లు సమానంగా పీల్చాలి. పెద్దాయన మూడడుగుల రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని రెండో కొస ఒకసారి ముందు గొంతు దగ్గర, ఒకసారి వెనక గొంతు దగ్గర పట్టేవాడు. ‘స్స్’ మనే శబ్దం రెండింట్లో ఒకే స్థాయిలో వచ్చేదాకా మర తిప్పేవాడు. తర్వాత మిక్శ్చర్. పక్కనున్న చిన్న పిన్ను ఒత్తి పిస్టన్‌ను 1/32 అంగుళం, అంటే మిల్లీమీటరు కన్నా తక్కువ లేపుతారు. ఇంజను వేగం పెరిగి అలాగే ఉండిపోతే చిక్కన, ఆగిపోబోతే పలచన. ఒక్క క్షణం పెరిగి మామూలుకు వస్తే సరిగ్గా ఉన్నట్టు. జెట్ కింది నట్టుకు ఆరు పలకలు. ఒక్కో పలక చొప్పున తిప్పుతూ పోవడమే. యాభై ఏళ్ల తర్వాత కంప్యూటర్లూ సెన్సర్లూ చేసే పనిని ఇక్కడ ఒక చెవి చేస్తుంది.

మార్పులు చేసేవాళ్ల సంగతి వేరు. అందరికీ ముందు కనిపించేది ఇటలీ వెబర్ కార్బొరేటర్. బానెట్ ఎత్తితే అందంగా ఉంటుంది, పూర్తి వేగంలో బలమూ ఇస్తుంది. కానీ రోజువారీ వీధుల్లో నడిచే ఎంజీబీకి రెండు ఎస్‌యూలను పీకి వెబర్ పెట్టడం కంటే, ఆ డబ్బుతో ఇరుసులు బాగుచేయించి, సరైన సూది వేయించడం మేలని నా అభిప్రాయం. గాలి ఎక్కువ పోయే ఫిల్టరు పెడితే సూదీ మార్చాలన్నది చాలామంది మరిచిపోతారు. అమెరికా కోసం 1975 నుంచి తయారైన ఎంజీబీలకు పొగ నిబంధనల వల్ల ఒకే ఒక్క జెనిత్-స్ట్రామ్‌బర్గ్ పెట్టారు. అక్కడి యజమానులు ఇప్పుడు దాన్ని తీసి పాత ఎస్‌యూల జత వెతికి పెట్టుకుంటున్నారు.

1980లో ఎంజీబీ ఆగింది, అబింగ్డన్ మూతపడింది. అప్పటికి 5 లక్షలకు పైగా తయారయ్యాయి. ఎస్‌యూను ఇంజెక్షన్ 1990ల మధ్యకల్లా కొత్త కార్లనుంచి తరిమేసింది. అయినా సాలిస్‌బరీలో బర్లెన్ అనే సంస్థ ఇప్పటికీ వీటినీ, సూదులనూ, జెట్‌లనూ తయారుచేసి అమ్ముతోంది. కొత్త శత్రువు పెట్రోలులోని ఇథనాల్. బ్రిటన్‌లో 2021 నుంచి మామూలు పెట్రోలులో అది 10 శాతం దాకా ఉంటోంది, పాత రబ్బరును తినేస్తుంది. స్కిన్నర్ సూత్రం మాత్రం మన దగ్గరా ఎక్కువకాలం బతికింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చేదాకా చాలా బైకుల్లో, స్కూటర్లలో ఉన్నది రబ్బరు పొరతో అదే లేచి దిగే పిస్టన్, అదే సూది.

పెద్దాయన కారుకు అన్నీ సరిచేసినా వెనక రెండు ప్లగ్గులు మసిబారుతూనే ఉన్నాయి. ముందు కార్బొరేటర్ ఒకటి, రెండు సిలిండర్లకు, వెనకది మూడు, నాలుగుకు. రెండు సూదులూ విప్పి భూతద్దంలో చూస్తే రెండింటి మీదా 5 అంకే ఉంది. ఆయన ఊరుకోలేదు. మైక్రోమీటరుతో మధ్యలో కొలిచాడు. వెనక సూది సన్నగా ఉంది, మీద సన్నటి గీతలు. ఎప్పుడో ఎవరో ఈ కారు పాత యజమాని ఇంకాస్త బలం కోసం దాన్ని గరుకు కాగితంతో రుద్దాడు. ముందుదాన్ని రుద్దడానికి ఓపిక లేకపోయిందో, వానొచ్చిందో. కొత్త సూదుల జత వచ్చాక పెద్దాయన పాతదాన్ని పారెయ్యలేదు. చీటీ చుట్టి, దాని మీద వెనక కార్బొరేటర్, రుద్దినది అని రాసి, బిస్కెట్ డబ్బాలో వేశాడు.