ఊరి చివరి ముదుసలి

శృంగవరపుకోట దాటిన పిమ్మట కిరండూల్ రైలుబండి ఒక్కొక్క సొరంగమున దూరి వెలువడుచు, బొర్రాను, కరకవలసను, శిమిలిగుడను గడచి అరకులోయ చేరుసరికి, శ్రావణమాసమున కనబడునది మబ్బుతెరలో సగము మునిగిన లోకము. సిల్వర్ ఓక్ చెట్లను పెనవేసికొనిన మిరియపుతీగలు, వాని నీడను కాఫీతోటలు, కొండవాలున పది పదునైదిండ్ల గూడెము, ఆ గూడెమునకు ఒకే కాలిబాట. అట్టి యొక సాయంకాలమున, చూరునుండి వాన ధారలుగా జారుచుండగా, ఆగథా క్రిస్టీ వ్రాసిన పల్లెటూరి హత్యాకథ నొకదానిని చదువుచుంటిని. పుస్తకములోని ఊరు ఆంగ్లదేశమునది, కిటికీ వెలుపలి ఊరు మన మన్యమునది. ఐనను ఈ రెంటికి గల సామ్యమును, అంతకు మించిన భేదమును నన్ను నాటి రాత్రి నిద్రపోనీయలేదు.

నగరపు ఇరుకుసందులకంటె అందమైన పల్లెసీమలే ఘోరతర నేరములకు తావిచ్చునను భావమును కానన్ డాయిల్ 1892 నాటికే షెర్లాక్ హోమ్స్ నోట పలికించెను. ఆ బీజమును మహావృక్షముగ పెంచినది క్రిస్టీ. మొదటి ప్రపంచయుద్ధకాలమున తన స్వస్థలమైన టార్కీలో ఆసుపత్రి మందులగదియందు పనిచేసి విషముల గుణములను నేర్చిన ఈమె, 1926 లో కింగ్స్ ఆబట్ అను పల్లెలో రోజర్ ఆక్రాయిడ్ హత్యను, 1930 లో సెయింట్ మేరీ మీడ్ అను పల్లెలో చర్చిగురువు ఇంట జరిగిన హత్యను కథావస్తువులుగ గ్రహించి లోకమును మెప్పించెను. మన తెలుగు పాఠకులకు కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు చిరపరిచితులే. కాని అపరాధ పరిశోధనకు ఒక చిన్న పల్లెయే సర్వప్రపంచమగుట ఆంగ్లేయ కథలయందలి విశేషము.

ఆ పల్లె స్వరూపమును గమనింతము. ఒక చర్చిగురువు, ఒక వైద్యుడు, సైన్యమునుండి విరమించిన ఒక కర్నలు, తపాలాకచేరి, నాలుగు తోటలు, ఆ తోటలకంచెల మీదుగా సాగు ముచ్చట్లు. మన గూడెమున ఊరిపెద్దయైన నాయుడు, పూజారి, ముహూర్తము చెప్పు దిసారి, కబురు చేరవేయు బారికి ఉన్నట్లే అచ్చటను ప్రతివానికి ఒక స్థానము, ఒక పని కలవు. ఎవరింట పొయ్యి రాజలేదో, ఎవరు సంతనుండి ఆలస్యముగ వచ్చిరో ఎల్లరకు తెలియును. అందరు అందరిని ఎరిగిన చోట, ఎరుగని ముఖమొకటి ఎరిగినవారిలోనే దాగియున్నదను భయమే ఈ కథలకు ప్రాణము. నగరమున హంతకుడు పరాయివాడు. పల్లెలో అతడు నిన్న మన వాకిట కూర్చుండి కుశలమడిగినవాడు.

ఈ కథలు విరివిగ వెలువడిన కాలమును స్మరించినచో వీని ఆకర్షణ మరింత స్పష్టమగును. 1914 నుండి 1918 వరకు జరిగిన యుద్ధమున లక్షలాది యువకులు మడిసిరి. ఒక్కొక్కని మృతికి కారణమడిగిన నాథుడు లేడు. అట్టి దుఃఖము నెరిగిన సమాజమునకు, ఒక్క మనిషి మరణమునకై ఊరంతయు ఆగి, ప్రతి గడియారమును, ప్రతి తలుపును, ప్రతి మాటను పరీక్షించు కథ గాఢమైన ఊరట నిచ్చియుండునని నా విశ్వాసము. ఒక ప్రాణము విలువ ఎంతయో ఈ కథలు వినోదముగ చెప్పుచున్నను, చెప్పునది మాత్రము ధర్మమే.

1929 లో రోనాల్డ్ నాక్స్ అను ఆంగ్ల రచయిత ఈ కథారచనకు పది నియమములను విధించెను. దైవిక, మానుషాతీత శక్తులను పరిష్కారమునకు తీసికొనిరాదనుట వానిలో నొకటి. నాక్స్ స్వయముగా కాథలిక్ మతాచార్యుడు. ఐనను నేరనిర్ణయమున సాక్ష్యమునకే గాని మహిమలకు చోటులేదని పలికినవాడు.

ఈ నియమము వద్దనే నా మనస్సు పుస్తకమును విడిచి కిటికీ వెలుపలికి పోయినది. మన్యపు పల్లెలలో అంతుచిక్కని జ్వరముతో బిడ్డయో, పడుచువాడో కన్నుమూసినపుడు, ఎవరో చిల్లంగి పెట్టిరను మాట పుట్టుటయు, ఆ మాటకు సాక్ష్యమక్కరలేకయే ఒక మనిషి బలియగుటయు నేటికిని వినవచ్చుచున్నవి. మైదానప్రాంతములందును బాణామతి, చేతబడి అను పేర్లతో ఈ అనుమానము జీవించియే యున్నది. కొండ కావలి ఒడిశా రాష్ట్రము దీనిని అరికట్టుటకై 2013 లో ప్రత్యేక శాసనమునే చేయవలసి వచ్చినది. కాని మన్యపు జ్వరమునకు అసలు దోషిని పట్టుకొనుటకు దారి చూపినది మన తెలుగుగడ్డయే: 1897 ఆగస్టు 20 వ తేదీన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. ఓపికతో ఒక్కొక్క దోమను కోసి చూచిన ఆ వైద్యుని కృషి ఏ పరిశోధకుని కథకును తీసిపోదు. తప్పు మంత్రగానిది కాదు, నిలువనీటిలో పెరుగు దోమదని తెలియుటకు మూలము ఆ పరిశోధనయే.

ఇక క్రిస్టీ పల్లెకథలలో హత్యల గుట్టు విప్పు మిస్ మార్పుల్ ఎవరు? పెండ్లియాడని ఒంటరి ముదుసలి. అల్లిక అల్లుకొనుచు, తోటపని చేసికొనుచు, ఊరిలోని ప్రతి ముచ్చటను చెవిని బెట్టుకొనును. ఒక ఇల్లాలు కొన్న రొయ్యలు మాయమైన చిన్న వృత్తాంతమునందును మానవస్వభావమును చూడగల సూక్ష్మబుద్ధి ఆమెది. మూలికలెరిగి, నలుగురి సంగతులెరిగి, ఒంటరిగ బ్రతుకు ఇట్టి ముదుసళ్లనే పూర్వము ఆంగ్లదేశమున మంత్రగత్తెలని ఉరికంబమెక్కించిరి. 1735 నాటి శాసనముతో ఆ విచారణలు అంతరించినవి. రెండువందల యేండ్లు గడచునప్పటికి అదే పల్లెలో అదే ముదుసలి అనుమానమునకు గురియగుట మాని, అనుమానమును ఛేదించునది ఐనది.

హంతకుని పేరు వెల్లడియగు చివరి అధ్యాయమున మనకు కలుగు ఆనందము శిక్షవలన కలుగునది కాదు. ఆ ఒక్క పేరుతో తక్కిన ఊరంతయు అపనిందనుండి విముక్తమగుటవలన కలుగునది. వాన వెలిసిన పిదప గూడెము చివరి గుడిసెలో దీపము వెలిగినది. ఆ యింట ఒక అవ్వ ఒంటరిగ నుండును. ఊరిలో ఎవరికి జ్వరము వచ్చినను ఆమె తలుపునకు గడియ పెట్టుకొనవలసిన పనిలేని దినము రావలెనని, ఊరివారు ఆమె వద్దకు వచ్చి, అవ్వా, నీవేమి చూచితివి చెప్పుమని అడుగు దినము రావలెనని నేను మనసార కోరుచున్నాను.