తండ్రి పొలం – ఆడబిడ్డ వాటా

ఉహుద్ యుద్ధంలో అమరులైన మదీనా అన్సార్లలో హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) ఒకరు. ఆయన భార్య తన ఇద్దరు కుమార్తెలను వెంటబెట్టుకొని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) సన్నిధికి వచ్చారు. ఈ పిల్లల తండ్రి వీరమరణం పొందారని, ఆయన సోదరుడు ఆస్తినంతా స్వాధీనం చేసుకున్నాడని, చేతిలో ఏమీ లేని ఈ ఆడపిల్లలకు వివాహాలు ఎలా జరుగుతాయని ఆమె మొరపెట్టుకున్నారు. ఆనాటి అరబ్బు ఆచారం ప్రకారం ఆ సోదరుడు చేసినది తప్పు కాదు. ఆయుధం పట్టగలిగిన మగవాడే వారసుడు. ఈ విషయంలో అల్లాహ్ యే తీర్పునిస్తాడని ప్రవక్త ఆమెకు చెప్పారు. ఆ తరువాత ‘అన్నిసా’ సూరాలోని వారసత్వ ఆయతులు అవతరించాయి. ప్రవక్త ఆ సోదరుణ్ణి పిలిపించి, కుమార్తెలిద్దరికీ కలిపి మూడింట రెండు వంతులు, వారి తల్లికి ఎనిమిదో వంతు ఇచ్చి, మిగిలినది తాను తీసుకోవలసిందిగా ఆదేశించారు.

ఆ తల్లి మొర నేటికీ మన పల్లెల్లో వినిపిస్తూనే ఉన్నది. తండ్రి కన్నుమూసిన కొద్ది వారాలకే, అత్తవారింటి నుంచి వచ్చిన కూతుళ్ల ముందుకు ఒక కాగితం వస్తుంది. “ఆపా, ఇక్కడ ఒక సంతకం పెట్టు. లేకపోతే పాసుపుస్తకం మా పేరుకు మారదట” అంటాడు తమ్ముడు. అందులో ఏమి రాసి ఉన్నదో ఆమె అడగదు. అడిగితే పుట్టింటి తలుపు మూసుకుపోతుందేమోనన్న భయం. వుజూలో ఒక చిన్న మస్అలా తప్పినా ఆలిమ్‌ల వద్దకు పరుగెత్తే మనం, దివ్యఖుర్ఆన్ స్వయంగా లెక్కకట్టి చెప్పిన ఈ విధిని మాత్రం ఆ కాగితంతో ముగించివేస్తున్నాం.

ఎనిమిది ఎకరాల లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక రైతు ఎనిమిది ఎకరాల పొలం విడిచి మరణించాడు. ఆయన తల్లిదండ్రులు అప్పటికే లేరు. భార్య, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు ఉన్నారు. సంతానం ఉన్నందున భార్యకు ఎనిమిదో వంతు, అంటే ఒక ఎకరం. మిగిలిన ఏడు ఎకరాలలో కుమారునికి కుమార్తె కంటే రెట్టింపు. కనుక ఒక్కొక్క కొడుక్కి రెండు ఎకరాలు, ఒక్కొక్క కూతురికి ఒక ఎకరం. లెక్క సరిపోయింది. కాగితం మీద ఐదు నిమిషాల్లో తేలిపోయే ఈ పంపకం మన గ్రామాలలో తరాలు గడిచినా తేలడం లేదు.

అయితే పంపకానికి ముందు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. మృతుని కఫన్, దఫన్ ఖర్చు మొదటిది. తరువాత అప్పులు. సహకార సంఘంలోని పంట రుణం, ఎరువుల దుకాణంలోని బాకీ, బంధువుల వద్ద తెచ్చిన చేబదులు అన్నీ ఇందులోకి వస్తాయి. మనం తరచుగా మరచిపోయే అప్పు మరొకటి ఉన్నది. అది భార్యకు చెల్లించని మహర్. నిఖా నాడు ఒప్పుకొని ఏనాడూ ఇవ్వని మహర్ భర్త మీద రుణమే. దానిని చెల్లించిన తరువాతనే ఆమెకు ఎనిమిదో వంతు విడిగా లభించాలి. అప్పుల తరువాత వసియ్యత్ ఉంటే, మిగిలిన ఆస్తిలో మూడో వంతుకు మించకుండా దానిని నెరవేర్చాలి. ఆపై మిగిలినదే వారసులది.

చట్టం ఏమంటున్నది?

“షరీఅత్ సంగతి సరే, వ్యవసాయ భూమికి ప్రభుత్వ చట్టం వేరు కదా” అనే మాట మనవారిలో కొందరి నుంచి వినిపిస్తుంది. దీనికి ఒక చారిత్రక కారణం ఉన్నది. 1937 నాటి షరీఅత్ అన్వయ చట్టం వ్యవసాయ భూమిని తన పరిధి నుంచి మినహాయించింది. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం ప్రకారం వ్యవసాయ భూమి రాష్ట్రాల అధికారంలోని అంశం కావడమే అందుకు కారణం. ఉత్తరప్రదేశ్‌లో వ్యవసాయ భూముల వారసత్వాన్ని నేటికీ అక్కడి రెవెన్యూ చట్టమే నిర్ణయిస్తున్నది. కాని మద్రాసు శాసనసభ 1949లోనే సవరణ చేసి ఆ మినహాయింపును తొలగించింది. 1953లో మద్రాసు నుంచి విడివడిన ఆంధ్ర జిల్లాలకు ఆ సవరణ వారసత్వంగా వచ్చింది. తెలంగాణలోనూ ముస్లిం కుటుంబాల పొలాల భాగాల వ్యాజ్యాలు ముస్లిం వారసత్వ నియమాల ప్రకారమే నడుస్తున్నాయి. కాబట్టి చట్టాన్ని సాకుగా చూపి ఆడబిడ్డ వాటాను ఆపే వీలు మనకు లేదు.

మరొక అపోహ పక్కింటి ఆచారం నుంచి వచ్చినది. ‘తాతల ఆస్తి’ మీద కొడుకులకు పుట్టుకతోనే హక్కు ఉంటుందన్న భావన హిందూ ఉమ్మడి కుటుంబ చట్టానికి చెందినది. మన వారసత్వ విధానంలో తాతల ఆస్తి, స్వార్జితం అనే తేడా లేదు. తండ్రి జీవించి ఉన్నంతకాలం ఆస్తి ఆయనదే. ఆయన మరణించిన క్షణంలోనే ప్రతి వారసుని వాటా ఆ వారసునిది అవుతుంది. దానికి తహసీల్దారు ఉత్తర్వు గాని, అన్నదమ్ముల అంగీకారం గాని అవసరం లేదు.

సంతకానికి ఉన్న విలువ ఎంత?

తండ్రి బతికి ఉండగానే కూతురి చేత “నాకు వాటా వద్దు” అని రాయించుకునే అలవాటు కొన్ని చోట్ల ఉన్నది. ఇంకా తనది కాని దానిని ఆమె వదులుకోవడం ఎలా సాధ్యం? రేపు రావచ్చునన్న ఆశను బదిలీ చేయడానికి వీలులేదని ఆస్తి బదిలీ చట్టం ఆరో సెక్షన్ కూడా చెబుతున్నది. అయితే ఆ మాటకు ప్రతిఫలంగా డబ్బు గాని ఆస్తి గాని పుచ్చుకొని ఉంటే, ఆ తరువాత వాటా కోరడానికి వీలులేదని సుప్రీంకోర్టు 1972లో తీర్పునిచ్చింది. కనుక ఆడబిడ్డలు అటువంటి కాగితాల విషయంలో జాగ్రత్త వహించాలి.

తండ్రి మరణించిన తరువాత తన వాటాను సోదరులకు ఇచ్చివేసే స్వేచ్ఛ ఆమెకు ఉన్నది. కాని ఆ ఇవ్వడం మనస్ఫూర్తిగా ఉండాలి. తన వాటా ఎన్ని గుంటలో, ఎన్ని సెంట్లో, దాని ధర ఎంతో తెలియకుండా, ఇంటి నిండా బంధువులు కూర్చుని చూస్తుండగా పెట్టిన సంతకాన్ని మనస్ఫూర్తి అనగలమా? ముందు ఆమె వాటాను ఆమె చేతికి అందించాలి. ఆ తరువాత ఆమె ఇవ్వదలచుకుంటే ఇస్తుంది. పెళ్లికి పెట్టిన ఖర్చును, ఇచ్చిన కట్నాన్ని వాటా కింద జమకట్టడం కూడా తగదు. కట్నం మనం తెచ్చిపెట్టుకున్న దురాచారం, మీరాస్ అల్లాహ్ విధించిన హక్కు. మొదటిది చేసినందుకు రెండోది రద్దు కాదు.

పట్టా వేరు, హక్కు వేరు

పట్టాలో పేరు ఎక్కించుకున్నంత మాత్రాన పొలం తమదైపోయిందని అన్నదమ్ములు అనుకుంటారు. పేరు లేదు కనుక తమ హక్కు పోయిందని అక్కచెల్లెళ్లు అనుకుంటారు. రెండూ పొరపాట్లే. మ్యుటేషన్ శిస్తు వసూలు వంటి అవసరాలకు ఉద్దేశించిన నమోదు మాత్రమేనని, అది యాజమాన్య హక్కును సృష్టించదని సుప్రీంకోర్టు పలుమార్లు స్పష్టం చేసింది. ఒక సోదరుడు మొత్తం పొలం అమ్మినా, అతని వాటా మేరకే ఆ అమ్మకం చెల్లుతుంది.

అలాగని నిర్లక్ష్యం కూడదు. సోదరుడు ఆమె హక్కును బాహాటంగా నిరాకరించి, 12 ఏళ్లపాటు పొలాన్ని తనదిగానే అనుభవిస్తే, ఆ తరువాత కోర్టుకు వెళ్లినా కాలదోషం అడ్డువస్తుంది. బ్యాంకు పంట రుణం, ఏటా 6,000 రూపాయల పీఎం కిసాన్ సాయం కూడా రికార్డులోని పేరును బట్టే అందుతాయి. అందువల్ల మరణ ధ్రువీకరణ పత్రంతో పాటు కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం తీసుకునేటప్పుడు అందులో కూతుళ్లందరి పేర్లు, తల్లి పేరు ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1971 నాటి పట్టాదారు పాసుపుస్తకాల చట్టం ప్రకారం వారసత్వ హక్కు సంక్రమించిన 90 రోజులలోగా తహసీల్దారుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. తెలంగాణలో 2020 నాటి ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి వచ్చింది. ‘విరాసత్’ దరఖాస్తుపై వారసులకు నోటీసు వచ్చినప్పుడు మౌనంగా ఉండిపోకుండా హాజరు కావాలి. అవసరమైతే స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందించే ఏర్పాటు 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టంలో ఉన్నది. జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయసేవాధికార సంస్థను సంప్రదించవచ్చు.

పొలం ముక్కలవుతుందనే భయం

అన్నదమ్ముల వాదనలో ఒక వాస్తవం ఉన్నది. ఎనిమిది ఎకరాలు ఆరుగురికి పంచితే, ఉన్న ఒక్క బోరుబావి ఎవరిది? బాట ఎటు? ఊరికి దూరంగా ఉన్న చెల్లెలు ఆ ఎకరాన్ని ఎలా సాగు చేస్తుంది? ఇవి నిజమైన ఇబ్బందులే. కాని వాటికి పరిష్కారం ఆమె హక్కును మింగివేయడం కాదు. పొలాన్ని గట్లు వేసి విడదీయకుండానే ఆమె వాటాను కాపాడే మార్గాలు ఉన్నాయి.

ఆమె పేరు రికార్డులో ఉంచి, ఆమె ఎకరాన్ని సోదరుడే కౌలుకు చేసుకోవచ్చు. ‘కౌలు’ అరబీ ‘ఖౌల్’ నుంచి వచ్చిన మాట, దాని అర్థమే ‘ఇచ్చిన మాట’. ఊరిలో పరాయి రైతుకు ఇచ్చే కౌలు ఎంతో, అంతే ఏటేటా చెల్లెలికి పంపితే చాలు. లేదా నేటి మార్కెట్ ధరకు ఆమె వాటాను కొనుగోలు చేసి, వాయిదాల తేదీలు రాసుకోవచ్చు. లేదా పొలానికి బదులు ఇంటి స్థలమో, బంగారమో పరస్పర అంగీకారంతో ఇచ్చి ఆమెను పంపకం నుంచి తప్పించవచ్చు. దీనినే ఫిఖ్‌లో ‘తఖారుజ్’ అంటారు. ఏ మార్గమైనా రాతలో ఉండాలి. పంపకాన్నే పత్రం ద్వారా చేస్తే దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

తండ్రి బతికి ఉండగా

తండ్రులకు కూడా కొంత బాధ్యత ఉన్నది. పొలమంతా ఒక కొడుక్కి వసియ్యత్ రాస్తే, తండ్రి మరణానంతరం మిగిలిన వారసులు సమ్మతిస్తే తప్ప అది చెల్లదు. హిబా చేయవచ్చు. అయితే ఇస్తున్నట్లు ప్రకటించడం, పుచ్చుకునేవారు స్వీకరించడం, స్వాధీనం అప్పగించడం అనే మూడూ జరగాలి. రాసి ఇచ్చిన హిబాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2011లో తీర్పునిచ్చింది. అయినా రికార్డుల మార్పు సాఫీగా సాగడానికి రిజిస్టరు చేయించడమే మేలు.

కాని చట్టరీత్యా చెల్లినదల్లా న్యాయం కాదు. హజ్రత్ బషీర్ (రజి) తన కుమారుడు నుఅమాన్‌కు ఒక కానుక ఇచ్చి, ప్రవక్తను సాక్షిగా ఉండమని కోరారు. మిగిలిన పిల్లలకూ ఇలాగే ఇచ్చావా అని ప్రవక్త అడిగారు. లేదని తెలిసి సాక్ష్యానికి నిరాకరించారు. ఆడబిడ్డల వాటా తప్పించడానికి కొడుకుల పేర హిబా రాయించే ప్రతి తండ్రీ ఆ ప్రశ్నను ఒకసారి తనకు తాను వేసుకోవాలి.

హిబా, వసియ్యత్ నిజంగా అవసరమయ్యే సందర్భం ఒకటి ఉన్నది. తండ్రి కంటే ముందే ఒక కొడుకు మరణిస్తే, మరో కొడుకు జీవించి ఉండగా ఆ అనాథ మనుమలకు తాత ఆస్తిలో వాటా రాదు. వారి కోసం తాత తన జీవితకాలంలోనే మూడో వంతులోపు వసియ్యత్ రాయవచ్చు, లేదా హిబా చేయవచ్చు. రేపు రాద్దామని వాయిదా వేసిన తాత నిర్ణయం వల్ల వీధిన పడేది ఆ పసివారే.

అన్యాయంగా జానెడు నేలను ఆక్రమించినవాని మెడకు ప్రళయదినాన ఏడు భూముల భారం చుట్టబడుతుందని ప్రవక్త హెచ్చరించారు. ఆక్రమణ అనగానే మనకు పొరుగు రైతు జరిపిన గట్టురాయి గుర్తుకు వస్తుంది. మన పొలంలోనే కలిసిపోయి ఉన్న చెల్లెలి ఎకరం గుర్తుకు రాదు. ఈ నెలలో మన ఇంటి పాసుపుస్తకాన్ని ఒకసారి బయటికి తీద్దాం. అందులో ఎవరి పేర్లు ఉన్నాయో, ఎవరి పేర్లు ఉండాలో కుటుంబమంతా కూర్చుని సరిచూసుకుందాం. తేడా ఉంటే, మనం జీవించి ఉండగానే సరిదిద్దుకుందాం.