అణా డబ్బా

ఘంటసాల గారి బొమ్మ అనగానే ముందుగా గుర్తొచ్చేది ఆ మొహమే కదా! నేనూ అలాగే మొదలుపెట్టాను. పాత సినిమా పత్రికలు, పాటల పుస్తకాలు, చిరిగిన వాల్‌పోస్టర్లు కత్తిరించి అట్టమీద పరిచాను. తీరా చూస్తే అది కొలాజ్‌లా లేదు. వర్ధంతి సభకి కట్టిన బ్యానర్‌లా వుంది!

కొలాజ్ అంటే మరేం లేదు. గీయవలసిన చోట వస్తువునే అతికించడం. 1912లో పికాసో మహాశయుడు కుర్చీ అల్లికని గీసే శ్రమ లేకుండా, ఆ అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్కని బొమ్మలో అంటించేశాడు. మరి నేను అంటించవలసిన వస్తువేది?

అప్పుడు గుర్తొచ్చింది, అణా డబ్బా కథ.

గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన ఆ కుర్రాడు సంగీతం కోసం ఉంగరం అమ్ముకుని విజయనగరం చేరాడు. ఆశ్రయమిచ్చి పాఠం చెప్పినవారు సంగీత కళాశాలలో గాత్రం నేర్పే పట్రాయని సీతారామశాస్త్రి గారు. ఆయనా వున్నవారు కాదు. అందుకని కుర్రాడు జోలె పట్టి వీధుల్లో మధూకరం ఎత్తేవాడు. రాత్రికి దాచుకున్న అన్నానికి చీమలు పట్టేవట. మూత వున్న డబ్బా కొనుక్కుందామని తెలిసిన పెద్దమనిషిని అణా అడిగితే ఆయన లేదు పొమ్మన్నాడని చెప్పుకుంటారు.

ఈ కథ చెప్పేవాళ్ళంతా యిక్కణ్ణుంచి వొక్క గంతులో మద్రాసు వెళ్ళిపోతారు. ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’, కచేరీలు, సన్మానాలు... నాకు మాత్రం మా వూరు విడిచి కదలబుద్ధి కాలేదు. ఎందుకంటే ఆ శాస్త్రిగారికి లోకం పెట్టిన పేరు ‘సాలూరు చిన గురువుగారు’. ఆయన కుమారుడు సంగీతరావు గారు తర్వాతికాలంలో ఘంటసాల పక్కన హార్మోనియం పట్టి, నూరేళ్ళు బతికి 2021లో వెళ్ళిపోయారు. యింకో మాట. 1951 నాటి ‘మల్లీశ్వరి’లో గొంతు చిన గురువుగారి శిష్యుడిది. బాణీలు మా పక్కనున్న శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావు గారివి. వేగావతి నీళ్ళకి ఆమాత్రం గర్వం వుంటే తప్పా?

మొహాలన్నీ తీసి పక్కన పెట్టేశాను. సాలూరులో లారీలకి, లారీ బాడీలకి కొదవలేదు. ఓ షెడ్డుకి వెళ్ళి రేకుముక్క అడిగాను.

“ఈ తుక్కుముక్కకి డబ్బులేటి బాబూ, అట్టుకెళ్ళండి!” అన్నాడు మేస్త్రి.

చిరిగిన టార్పాలిన్ కూడా యిచ్చాడు. రేకు డబ్బా అయింది. టార్పాలిన్ జోలె అవుతుందనుకున్నా గానీ, మరీ మొరటుగా వుంది. చివరికి మా తాతయ్య ధోవతి అంచు చింపాను. మామ్మ రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

మైదాపిండి ఉడకబెట్టి, జిగురు రాసి, పడుకున్నాను. పొద్దున్న లేచి చూద్దును గదా... చీమలు! నిజం చీమలు! జోలె చుట్టూ బారులు తీరి వున్నాయి. కాగితాల అంచులన్నీ కొరికేశాయి. నెలరోజుల పని! కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ తోచలేదు. నాకు పాడైంది కాగితం. ఆ కుర్రాడికి పాడైంది రాత్రి భోజనం.

పోస్టర్లు అంటించేవాళ్ళు జిగురులో మైలుతుత్తం కలుపుతారు. ఆ సంగతి తెలిసి కూడా బద్ధకించాను. రెండోసారి కలిపాను. కొరికిన అంచులు మాత్రం మార్చలేదు.

చిక్కంతా గురువుగారి దగ్గర వచ్చింది. సినిమా పత్రికల దొంతర్లన్నీ తిరగేశాను. శిష్యుడి బొమ్మలు వందలు. గురువుగారిది వొక్కటీ లేదు! ఊహించి మొహం గీయడానికి చెయ్యి రాలేదు. అందుకే పసుపురంగు కాగితంతో తెరిచి వున్న గుమ్మం పెట్టి, పక్కన వొక తంబురా నీడ వేశాను.

మొన్న మేస్త్రి చూడ్డానికి వచ్చాడు. తన రేకు వెంటనే గుర్తుపట్టి, కథంతా విన్నాడు.

“అయితే గురువుగారిది మనూరేనేటి?” అన్నాడు.

అవునన్నాను. మర్నాడు పొద్దున్నే వచ్చి డబ్బా మూతకి తనే వొక పిడి అతికి వెళ్ళాడు.